నాన్నతో వాదించు, పార్టీతో కాదు

తెనాలి

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న దీవెనలు.

మీ నాన్న ఫోన్ చేసి నీ మీద చెప్పాడు. నువ్వు చేసి మీ నాన్న మీద చెప్పావు. కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023లో మీ అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద భోజనాల దగ్గర మాట మొదలై, నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయేదాకా వచ్చిందట. మీ నాన్న రిపబ్లికన్, నువ్వు డెమోక్రాట్. తప్పెవరిదో తేల్చమని ఇద్దరూ నన్నే అడుగుతున్నారు. అది నేను తేల్చను. మీ ఇద్దరి మధ్య మాట ఎందుకు సాగడం లేదో మాత్రం నాకు తోచింది రాస్తాను.

మీ దేశంలో లిబరల్, కన్సర్వేటివ్ అనే తేడా మొదటినుంచీ రెండు పార్టీల తేడా కాదు. 1960లలో డెమోక్రాట్లలో దక్షిణాది కన్సర్వేటివ్‌లు బోలెడుమంది ఉండేవాళ్ళు. రిపబ్లికన్లలో ఈశాన్య రాష్ట్రాల లిబరల్స్ ఉండేవాళ్ళు. మనవాళ్ళు అమెరికా వెళ్ళడానికి తలుపు తీసిన 1965 వలస చట్టాన్నే చూడు. సెనేట్‌లో 76–18 ఓట్లతో నెగ్గింది. రెండు పార్టీలవాళ్ళూ అవునన్నారు. కాదన్నవాళ్ళలో ఎక్కువమంది, దాని మీద సంతకం చేసిన అధ్యక్షుడు జాన్సన్ సొంత డెమోక్రటిక్ పార్టీలోని దక్షిణాది సభ్యులే. ఇవాళ ఒక బిల్లు మీద ఎదురు నిలిచినవాడు రేపు ఇంకో బిల్లుకి తోడు రావాల్సినవాడు. అందుకని నోరు కాస్త అదుపులో ఉండేది.

అలాగని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దక్షిణాదిలో నల్లజాతివాళ్ళ ఓటుహక్కు ఊసెత్తనంత కాలం నిలిచిన మర్యాద అది. 1964లో పౌరహక్కుల చట్టం, ఆ మరుసటేడు ఓటుహక్కు చట్టం వచ్చాయి. దక్షిణాది తెల్లవాళ్ళు మెల్లమెల్లగా రిపబ్లికన్ల వైపు జరిగారు, లిబరల్స్ అంతా డెమోక్రాట్ల గూటికి చేరారు. ఇంతలో, వివాదమున్న విషయాల్లో రేడియో, టీవీ రెండు పక్షాల మాటా వినిపించాలన్న 1949 నాటి నిబంధనను 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడాదే కన్సర్వేటివ్ రేడియో వ్యాఖ్యాత రష్ లింబా గొంతు దేశమంతటా మోగడం మొదలైంది. కేబుల్ టీవీకి ఆ నిబంధన బాధే లేదు. 1996లో కన్సర్వేటివ్‌ల ఛానెల్ ఫాక్స్ న్యూస్ వచ్చింది. అదే ఏడు మొదలైన ఎమ్మెస్ఎన్‌బీసీ తర్వాత్తర్వాత లిబరల్స్ ఛానెల్ అయింది. ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుని, అవతలివాళ్ళ మాట అవతలివాళ్ళ నోటి నుంచి వినడం మానేశారు.

ఈ దూరం ఎంత పెరిగిందో చెప్పే, నన్ను నిర్ఘాంతపరిచిన లెక్క ఒకటుంది. మీ పిల్ల అవతలి పార్టీవాళ్ళను పెళ్ళాడితే బాధపడతారా అని 1960లో అడిగితే, అవునన్నవాళ్ళు రిపబ్లికన్లలో నూటికి 5, డెమోక్రాట్లలో 4. 2010 వచ్చేసరికి అవి 49, 33 అయ్యాయి. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే శాంతో అయ్యంగార్ బృందం ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూపించింది. సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మనూళ్ళో ఏం అడుగుతారో నీకు తెలుసు. మీ దగ్గర పార్టీయే కులమైపోయింది. కులం లెక్కలోకి వచ్చాక, చెప్పిన మాటలో నిజమెంత అని ఎవరూ చూడరు, చెప్పినవాడు ఎవరి మనిషి అనే చూస్తారు.

ఇప్పుడు మీ భోజనాల బల్ల దగ్గరికి వద్దాం. మీ నాన్న గుంటూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి, ఎవరి సిఫార్సూ లేకుండా అక్కడికి చేరినవాడు. కష్టపడి మార్కు తెచ్చుకున్నవాడికి సీటు ఇవ్వడమే వాడి దృష్టిలో న్యాయం. నీ క్లాసులో నల్లజాతి పిల్లలు ఎంత తక్కువమందో చూస్తూ పెరిగినదానివి నువ్వు. పరుగు ఒకే గీత దగ్గర మొదలుకానప్పుడు మార్కు ఒక్కటే చూడటం నీ దృష్టిలో అన్యాయం. జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పేదీ ఇదే. న్యాయం ఇద్దరికీ కావాలి, ఒకరు పడ్డ కష్టాన్ని బట్టి వాటా అడుగుతారు, మరొకరు సమానత్వం అడుగుతారు. కన్సర్వేటివ్‌లకు దానితోపాటు విధేయత, పెద్దరికం, పవిత్రత కూడా బరువైనవే. మీరిద్దరూ ఎవరి కొలతతో వాళ్ళు ఎదుటివాళ్ళను కొలిచి, దుర్మార్గులని తేల్చుకుని లేచిపోయారు.

ఎదుటివాళ్ళ కొలతతో మాట్లాడితే ఫలితం ఉంటుంది. కాలుష్యాన్ని ప్రకృతికి జరిగే హానిగా కాకుండా, గాలినీ నీళ్ళనూ మైలపరిచే మురికిగా చెప్పినప్పుడు కన్సర్వేటివ్‌లు పర్యావరణం వైపు ఎక్కువ మొగ్గారని మాథ్యూ ఫైన్‌బర్గ్, రాబ్ విల్లర్ అనే పరిశోధకులు 2013లో చూపించారు.

అంత దూరం ఎందుకు, మీ ఒహాయోలోనే సౌత్ లెబనాన్ అనే చిన్న ఊళ్ళో 2016 డిసెంబరులో ట్రంప్‌కు ఓటేసినవాళ్ళనూ హిల్లరీకి ఓటేసినవాళ్ళనూ ఒక గదిలో కూర్చోబెట్టారు. ఇవాళ బ్రేవర్ ఏంజెల్స్ అంటున్న సంస్థ అక్కడే మొదలైంది. ఆ సమావేశాల పద్ధతి రూపొందించిన బిల్ డోహర్టీ, తగవులాడుకునే మొగుడూపెళ్ళాలకు సలహాలిచ్చే మనిషి. అక్కడ వాదించుకోమనరు. మీ గురించి అవతలివాళ్ళు ఏమనుకుంటున్నారో మీరే రాయండి అంటారు. జాత్యహంకారులమనుకుంటారు అని ఒక జట్టు రాస్తుంది, దేశమంటే ప్రేమ లేనివాళ్ళమనుకుంటారు అని మరో జట్టు రాస్తుంది. అసలు నిజమేమిటో చెప్పాలి. ఆ తర్వాత, అవతలివాళ్ళు అన్నదాంట్లో కాస్తయినా నిజముందా అన్నది కూడా తమ నోటితో తామే చెప్పాలి. మన తప్పు మనం చెప్పుకున్నాక ఎదుటివాడికి అరవాల్సిన పని ఉండదు.

మర్యాదగా మాట్లాడమంటే నీ అభిప్రాయం మార్చుకోమని కాదు. అబద్ధాన్ని అబద్ధమనే అను. అన్యాయమనిపిస్తే గట్టిగానే అను. కానీ మీ నాన్న ఒక్క మాటనగానే ఫాక్స్ న్యూస్ మొత్తాన్ని వాడి నెత్తిన వెయ్యకు. నువ్వు నోరు తెరవగానే డెమోక్రాట్లందరి లెక్కా నిన్ను అప్పజెప్పమనొద్దని వాడికీ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఆదివారం మళ్ళీ కూర్చోండి. ముందు మీ నాన్న వాదనను నీ మాటల్లో చెప్పు. "అవును, నేనన్నది అదే" అని వాడు ఒప్పుకునేదాకా నీ వాదన మొదలుపెట్టకు. తర్వాత వాడూ నీకు అదే చెయ్యాలి. చెయ్యకపోతే నాకు ఫోన్ చెయ్యి, వాడికి నేను అన్నను. ఇంత చేశాక కూడా అభిప్రాయాలు కలవకపోతే కలవకపోనీ. ఓటు ఎవరిది వాళ్ళదే, కంచం ముందు నుంచి మాత్రం ఎవరూ లేవొద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న