కారు టైరు మార్చునపుడు

చేవెళ్ల నుండి గచ్చిబౌలి, హైటెక్ సిటీలకు ఔటర్ రింగు రోడ్డు మీదుగా కారులో కూరగాయలు తెచ్చు రైతులు, చక్రమునకు పట్టిన ప్రతి టైరూ పనికివచ్చునని తలంపరాదు.

పాత టైరుపై 165/80 ఆర్ 14 85 ఎస్ అని యున్నదనుకొనుడు. 165 మిల్లీమీటర్లు వెడల్పు. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 80 వంతులు. 14 అంగుళములు చక్రపు అడ్డుకొలత. 85 బరువును తెలుపు సంఖ్య. అట్టి టైరు 515 కిలోలు మోయును. 82 సంఖ్య గలది 475 కిలోలే మోయును. నాలుగు టైర్లకు 160 కిలోల శక్తి తగ్గును. ఎండలో, వేగములో, నిండు బరువుతో అట్టి టైరు వేడెక్కి పగులవచ్చును.

కావున కారుతో వచ్చిన పుస్తకములోని కొలతనే కొనుడు. బరువు, వేగపు గుర్తులు అంతకు తగ్గరాదు. ఒకే ఇరుసుకు రెండును ఒకే రకమువి వేయుడు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగకముందే మార్చుడు.