అట్ట వేసి దాచిన పుస్తకం

సమస్య:

మేడమ్,
నాకు 26 ఏళ్లు. చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాన్న రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. డిగ్రీలో ఉండగా ‘ఏడు తరాలు’ చదివాను. రెండు రోజులు అన్నం సయించలేదు. కనపడ్డవాళ్లందరికీ అందులోని బానిస కుంటా కింటే కథ చెప్పాను. ఈమధ్య ‘మా నాయన బాలయ్య’ కొన్నాను, రైల్వేలో పనిచేసిన ఒక మాదిగ కుటుంబం కథ. దానికి మాత్రం పాత పేపరుతో అట్ట వేసి, బ్యాగు అడుగున పెట్టుకుని తిరుగుతున్నాను. మాదీ ఆ కులమే, ఆ రైల్వే బతుకే. ఆఫీసులో ఎవరికీ తెలియదు. అద్దె ఇల్లు దొరకడానికి అమ్మ చెప్పిన అబద్ధమే అక్కడా చెప్పాను. చదువుతుంటే ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. అదీ రాసినాయన మీద! ఇదంతా ఎందుకు బయటపెట్టారని. మొన్న పుస్తకం తీస్తే, నేనింకా చేరని పేజీ ఒకటి మూల మడిచి ఉంది. నాన్న చదువుతున్నారు. ఇద్దరం ఏమీ ఎరగనట్టే ఉంటున్నాం. ఆయనతో మాట్లాడాలా? ఆఫీసులో నిజం చెప్పేయాలా?
— పేరు వద్దు, చర్లపల్లి

సలహా:

తల్లీ,
కుంటా కింటే కోసం ఏడ్చినందుకు సిగ్గుపడకు. అలెక్స్ హేలీ 1976లో రాసిన ఆ పుస్తకాన్ని సహవాసి తెలుగు అనువాదంలో చదివి ఏడవనివాళ్లు తక్కువ. పారిపోయి నాలుగోసారి పట్టుబడితే సగం పాదం నరికేస్తారే, అక్కడ నేనూ పుస్తకం మూసేశాను. కానీ అది చదివి లేచాక మనల్నెవరూ ‘మీరేమోళ్లు?’ అని అడగరు. బాలయ్య కథ అలా కాదు. వాళ్ల పూర్వీకులకి నిజాం ఇచ్చిన 50 ఎకరాల్లో దొర రెండెకరాలు మిగిల్చాడని చదివితే, ఆ దొర ఇంటిపేరు మనకు తెలిసినదే అయి ఉండొచ్చు. నేను పుట్టినింట్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లేగానీ అడిగించుకునేవాళ్లు లేరు. కాబట్టి ‘ధైర్యంగా చెప్పేయ్’ అనే హక్కు నాకు లేదు.

పుస్తకం రాసిన వై.బి. సత్యనారాయణగారు కెమిస్ట్రీ ప్రొఫెసర్. అంత చదువూ హోదా ఉన్నాయన కూడా 2011లోగానీ ఆ పుస్తకం తేలేదు. నీకెందుకమ్మా తొందర? ఆఫీసులో ఎవరికీ సంజాయిషీ బాకీ లేవు. కొత్త అబద్ధం మాత్రం చెప్పకు. ఎవరైనా అడిగితే ‘ఎందుకండీ?’ అని తిరిగి అడుగు. వాళ్లు నీళ్లు నములుతారు చూడు. ఇంటి ఓనరు దగ్గర అమ్మ ఆడిన అబద్ధం తాలూకు సిగ్గు ఆ ఓనరుది.

ఇక నాన్న. కులం గురించి అడగొద్దు, పని గురించి అడుగు. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట మైళ్లు నడుస్తూ, వదులైన కీలు కొట్టి బిగించిన మనిషాయన. ఓ ఆదివారం సాయంత్రం చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కి తీసుకెళ్లు. 2025 జనవరి 6న ప్రారంభమైన ఆ అద్దాల భవనాన్ని అందరూ తలెత్తి చూస్తారు. మీ నాన్న కిందికి, పట్టాల వైపు చూస్తారు. అప్పుడు అడుగు, డ్యూటీలో మొదటి రోజు ఎట్లా గడిచిందని. చెబితే విను. చెప్పకపోతే చాయ్ తాగి వచ్చేయండి, ఇంకో ఆదివారం ఉంది.

ఇంటికొచ్చాక ఆ పేపరు అట్ట తీసేసి, పుస్తకాన్ని టీవీ పక్కన పెట్టు. ఆయన మడిచిన మూల విప్పకు. నువ్వు ఆ పేజీ దాకా వచ్చాక నాకు మళ్లీ ఉత్తరం రాయి.