మహానంది ప్రాంత గృహ ముఖభాగాలకు కలప: ఎంపిక, సంరక్షణ

నల్లమల పాదభాగంలోని మహానంది పరిసరాల్లో ఇంటి ముఖభాగానికి చెక్క తొడుగు ఎంపికలో చెట్టు పేరు కన్నా చేవ ముఖ్యం. టేకు చేవలోని సహజ రసాయనాలు చెదలను, శిలీంధ్రాలను నిరోధిస్తాయి. బెరడు కింది లేతరంగు చెక్కకు ఆ శక్తి లేదు. పొలం గట్లపై పెంచి చిన్న వయసులో నరికిన టేకులో ఈ లేత చెక్క పాలు ఎక్కువ. కావున కోసిన కొనను పరిశీలించి, ముదురు గోధుమరంగు భాగాన్నే తీసుకోవాలి.

ఇక్కడ వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వెంటనే నైరుతి వానలు వస్తాయి. ఎండకు కుంచించుకొని, తేమకు ఉబ్బే చెక్క క్రమంగా పగులుతుంది. అందువల్ల తేమ సుమారు 12 శాతానికి తగ్గేవరకు నీడలో ఆరబెట్టిన పలకలనే వాడాలి. గోడకు, పలకలకు మధ్య గాలి ఆడే ఖాళీ వదలాలి. అడుగు పలక నేలకు తాకరాదు. అప్పుడే చెదలు కట్టే మట్టి దారులు తొలిదశలోనే కంటపడతాయి. నీటిని త్వరగా పీల్చే కోసిన కొనలకు బిగించే ముందే నూనె పట్టించాలి. ఎండ తీవ్రంగా తగిలే పడమటి ముఖానికి ఏటా వానలకు ముందు పూతను పునరుద్ధరించాలి.

గట్టు టేకును ముదరనిచ్చి నరికితే చేవ పాలు పెరుగుతుంది. విస్తరణ సిబ్బంది ఈ విషయాన్ని ఇల్లు కట్టేవారితో పాటు టేకు పెంచే రైతుకూ తెలియజేయాలి.