ఒంటె వీర్యం: 5 డిగ్రీల దగ్గర అసలు పరీక్ష

సౌదీ అరేబియాలో ఒంటెల పరిశోధన అనగానే గుర్తుకు రావాల్సింది అల్ అహ్సాలోని కింగ్ ఫైసల్ విశ్వవిద్యాలయం. అక్కడ ఒంటెల పరిశోధన కేంద్రం ఉంది. ఆవుల్లో ఎప్పుడో సులువైపోయిన కృత్రిమ గర్భధారణ ఒంటెల్లో ఇంకా కష్టమే. ఒంటె వీర్యం జిగురుగా సాగుతుంది; శుక్రకణాలు అందులో చిక్కుకుని కదలలేవు. ద్రావణం కలిపి, జిగురు పలచబడేదాకా ఓపిక పట్టాలి. పైగా ఆడ ఒంటెలో అండం సంపర్కం తర్వాతే విడుదలవుతుంది. అందుకే కృత్రిమ పద్ధతిలో జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇక సేకరించిన వీర్యాన్ని నిల్వ చేయడం మరో సమస్య.

శీతల వీర్యాన్ని సుమారు 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. ఒక్కసారిగా చల్లబరిస్తే కణత్వచం దెబ్బతింటుంది. దీన్ని శీతల ఆఘాతం అంటారు. గుడ్డు పచ్చసొనలోని లిపోప్రోటీన్లు ఆ త్వచాన్ని కాపాడతాయి. పచ్చసొన వాడకాన్ని 1940లో ఫిలిప్స్, లార్డీ ప్రచురించారు. చలిలోనూ కణాల జీవక్రియ మందగిస్తుందే తప్ప ఆగదు, కాబట్టి నిల్వ కొద్ది రోజులకే పరిమితం. ఏళ్ల తరబడి కావాలంటే ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఘనీభవింపజేయాలి. మన నంద్యాల, కరీంనగర్ కేంద్రాల్లో తయారయ్యే పశువుల వీర్యం ఇలా ఘనీభవింపజేసిందే. 5 డిగ్రీల నిల్వకు పంది వీర్యం మాత్రం మినహాయింపు: దాన్ని 15 నుంచి 18 డిగ్రీల మధ్య నిల్వ చేస్తారు.