పండు చూసి పిండి కలుపు

చి. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.  

శ్రావణ శుక్రవారం పేరంటాలు తిరిగొచ్చేసరికి ఇంటినిండా అరటిపళ్లేననీ, సగానికి పైగా నల్లబడిపోయాయనీ రాశావు. వాటితో కేకు చేద్దామంటే ఒక్కో వీడియోలో ఒక్కో కొలత చెబుతున్నారనీ, మొన్న చేసింది పైన మాడి అడుగున పచ్చిగా మిగిలిందనీ వాపోయావు. ఫోనులో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకని వివరంగా రాస్తున్నాను.

ఆ కొలతలు చెప్పినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదమ్మా. వాళ్ల పళ్లు వేరు, నీ పళ్లు వేరు. "మూడు అరటిపళ్లు" అని వాళ్లంటున్నది కొట్లో ఒకే అత్తం నుంచి తెచ్చిన పెద్ద పళ్ల గురించి. నీ దగ్గరున్నవి పదిళ్ల తాంబూలాల్లోంచి వచ్చినవి. రకాలు వేరు, సైజులు వేరు, పండిన తీరూ వేరే. ఈ కేకులో పిండీ తీపీ సోడా సెగా నాలుగూ పండు చెప్పినట్టు వినాలి. పండుని చూడకుండా కాగితం చూసి చేస్తే నీకు జరిగినట్టే జరుగుతుంది.

ముందు పళ్లన్నీ బల్ల మీద పరిచి రకాలవారీగా విడదియ్యి. పొడుగ్గా, వంపు తిరిగి ఉండేవి జి-9 పళ్లు. గ్రాండ్ నైన్ అనే ఈ రకం అనంతపురం, కడప తోటల్లో విరివిగా పండుతుంది. మెత్తగా మాగుతుంది, పులుపు తక్కువ. కొత్తగా చేసేవాళ్లకి ఇదే సులువు. పొట్టిగా, పల్చటి తొక్కతో, కొసన ముక్కు తేలి ఉండేవి కర్పూర చక్రకేళి. కాస్త పులుపు, కాస్త గట్టిదనం, నాలుగు రోజులు నిలిచే గుణం. అందుకే గుళ్లోనూ తాంబూలాల్లోనూ ఎక్కువగా కనిపిస్తాయి. ఆ పులుపు వంటసోడాకి బాగా కలిసొస్తుంది. తొడిమ దగ్గర ఊడి విడివిడిగా రాలిపోతుంటే అవి అమృతపాణి. వాటి గుజ్జులో ఒక్కోసారి గట్టి గడ్డలు తగులుతాయి, ఎంత మెదిపినా మెదగవు. వేళ్లతో ఏరి పారెయ్యి. తెల్ల చక్రకేళి దొరికితే మాత్రం కేకులో వెయ్యకు. అది ఒలుచుకుని తినాల్సిన పండు.

దేవుడి దగ్గర పెట్టిన పళ్లని గుడ్డుతో కలపొచ్చా అని అడిగావు. వాటిని ముందే వేరుగా పెట్టుకో. ప్రసాదం ఆ పూటే తినెయ్యడం మన పద్ధతి. మిగిలితే గుడ్డు లేకుండా చేసుకో. మీ అత్తగారు గుడ్డు ముట్టరు కాబట్టి ఆవిడా నాలుగు ముక్కలు తింటారు. ఆవిడ అడగకముందే "ఇది గుడ్డు లేనిది అత్తయ్యా" అని చెప్పి పెట్టు.

ఇక పండిందా లేదా అన్న సంగతి. తొక్క రంగుని నమ్మకు. మన రావులపాలెం నుంచి గెలలు పచ్చిగానే లారీ ఎక్కుతాయి. చేరిన ఊళ్లో గదుల్లో ఇథిలీన్ పట్టించి పండిస్తారు. అది ప్రభుత్వం ఒప్పుకున్న పద్ధతే. కార్బైడు వాడకం నిషేధం. అయినా కార్బైడుతో పండించిన పండు చేతికొస్తే తొక్క పసుపుగా నిగనిగలాడుతుంది, లోపల చప్పగా ఉంటుంది. పచ్చికాయ గుజ్జులో ఇంచుమించు ఐదో వంతు పిండిపదార్థమే. మాగే కొద్దీ అది చక్కెరగా మారి, చివరికి ఒకటి రెండు శాతమే మిగులుతుంది. కేకుకి తీపీ వాసనా తెచ్చేది ఈ మార్పే. మచ్చల్లేని పసుపుపచ్చ పండు తినడానికి బాగుంటుంది గానీ కేకులో దాని ఉనికే తెలియదు.

ఇంకో మోసం ఫ్రిజ్. చలి తగలగానే తొక్క నల్లబడుతుంది, లోపల మాగడం మాత్రం మందగిస్తుంది. ఫ్రిజ్‌లో నల్లబడిన పండూ, బల్ల మీద నల్లబడిన పండూ ఒకటి కావు. ఒకటి ఒలిచి పళ్లెంలో వేసి ఫోర్కుతో నొక్కి చూడు. బలం పెట్టకుండానే అణగాలి, అంచుల్లో జిగటగా రసం ఊరాలి, వాసన గదిలోకి రావాలి. ముక్కలు ముక్కలుగా విరిగిందంటే ఇంకో రెండు రోజులు బయట ఉంచు. గుజ్జులో అక్కడక్కడ గోధుమరంగు కమిలినా పరవాలేదు. తొక్క పగిలి రసం కారుతున్నా, బూజు కనిపించినా, కల్లు వాసన కొడుతున్నా మొహమాటపడకుండా పారెయ్యి. వృథా అవుతుందని కడుపు పాడుచేసుకోకూడదు.

సరిగ్గా మాగిన రోజు నీకు తీరిక లేకపోతే తొక్క తీసి, 300 గ్రాముల చొప్పున సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పడెయ్యి. తొక్కతో పెట్టావో, తర్వాత ఒలవలేక ఏడుస్తావు. కరిగాక బోలెడు నీళ్లు వదులుతాయి. తీపీ వాసనా అందులోనే ఉంటాయి కనక పారబొయ్యకు. చిన్న గిన్నెలో సగమయ్యేదాకా మరిగించి, చల్లారాక గుజ్జులో కలుపుకో.

ఇప్పుడు కొలతలు. పళ్లని లెక్కపెట్టడం మానేసి గుజ్జు తూచు. 300 గ్రాముల గుజ్జుకి 200 గ్రాముల మైదా, లేదా సగం మైదా సగం గోధుమపిండి. 100 గ్రాముల బెల్లం పొడి, 80 మిల్లీలీటర్ల వాసన లేని నూనె, రెండు గుడ్లు, అర టీస్పూను ఉప్పు, ముప్పావు టీస్పూను వంటసోడా. గుడ్లు వద్దనుకుంటే 100 గ్రాముల చిక్కటి పెరుగు. జి-9 పళ్లయితే రెండున్నర, మూడు చాలు. కర్పూరమైతే నాలుగైదు కావాలి. గుజ్జు మిగిలింది కదా అని ఇంకో గుప్పెడు వేశావనుకో, అడుగున తడిచారలా పిండి దిగిపోతుంది. మొన్న నీకు జరిగింది అదే అయ్యుంటుంది.

తీపి గురించి ఒక మాట. వీడియోల్లో 200 గ్రాముల పంచదార పోస్తున్నారన్నావు. 300 గ్రాముల మాగిన గుజ్జులో 40 గ్రాముల దాకా చక్కెర ముందే ఉంది. పండు చేసిపెట్టిన పనిని లెక్కలోకి తీసుకో. అలాగని బెల్లం పూర్తిగా మానెయ్యకు. కేకు మెత్తదనం నిలిచేదీ, రంగు తేలేదీ కొంత దానివల్లే. 60 గ్రాములకి తగ్గితే మర్నాటికే పిడచకట్టుకుపోతుంది. "పంచదార వెయ్యలేదు, పండుతో చేసిందే" అని చెప్పి మీ మావగారికి పెద్ద ముక్క పెట్టకు. షుగర్ ఉన్నవాళ్లకి పండులోని చక్కెరా చక్కెరే, మైదా కూడా అంతే.

సోడా విషయంలో చెయ్యి పొదుపుగా ఉండాలి. పుల్లటిది తగిలితే వంటసోడా బుసబుసమని గాలి వదులుతుంది. పండులో కొంత పులుపుంది, పెరుగేస్తే ఇంకొంత. ఆ పులుపుకి మించి సోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది, కేకు నల్లగా వస్తుంది, పొంగినది నడుమ కూలబడుతుంది. డబ్బా తెరిచి చాలా రోజులైతే చిటికెడు తీసి నిమ్మరసం రెండు చుక్కలు వేసి చూడు. నురగ రాకపోతే కొత్తది తెప్పించు. పిండి తడవగానే గాలి మొదలవుతుంది. కాబట్టి ఓవెన్ పావుగంట ముందే వేడెక్కాలి, మూసకి నూనె రాసి కాగితం పరిచి సిద్ధంగా ఉంచాలి. కలిపాక సీరియల్ చూస్తూ కూర్చోకు.

కలపడం కూడా అంతే. గుజ్జు, నూనె, బెల్లం, గుడ్లు ఒక గిన్నెలో గిలకొట్టు. పొడి సరుకులు ఇంకో గిన్నెలో జల్లించు. రెండూ కలిపి, అడుగునుంచి పైకి గరిటె తిప్పుతూ, పొడిపిండి కనపడకుండా పోగానే ఆపెయ్యి. చిన్న చిన్న ఉండలు మిగిలినా ఓవెన్‌లో సర్దుకుంటాయి. పూరీ పిండికి మర్దన ఎంత మంచిదో దీనికి అంత చెరుపు. మైదా సాగడం మొదలుపెడితే కేకు రబ్బరై కూర్చుంటుంది.

మూసలో మూడింట రెండు వంతులే పొయ్యి. ఓటీజీలో కింది కడ్డీ, పై కడ్డీ రెండూ వెలగాలి. 170 నుంచి 175 డిగ్రీల మధ్య, మధ్య అరలో 50 నుంచి 60 నిమిషాలు. నువ్వు 200 పెట్టానన్నావు. తీపి ఎక్కువున్న పిండి అంత సెగకి పైన తొందరగా మాడుతుంది, లోపలికి వేడి చేరేలోపే పైపొర గట్టిపడుతుంది. 40 నిమిషాలకి రంగు బాగా తిరిగితే పైన అల్యూమినియం ఫాయిల్ కప్పు. నడుమ నిలువునా పగిలితే కంగారుపడకు. పైపొర ముందు గట్టిపడ్డాక లోపలి ఆవిరి దారి వెతుక్కుంటుంది, అంతే. పుల్ల గుచ్చినప్పుడు పండు గుజ్జు కాస్త అంటినా ఉడికినట్టే. పచ్చిపిండి జారుడుగా అంటితే మాత్రం ఇంకో పది నిమిషాలు ఉంచు.

బయటికి తీశాక పది నిమిషాలు మూసలో, తర్వాత గంటసేపు జాలీ మీద. వేడి మీద కోస్తే ముద్దవుతుంది. మర్నాడు ఇంకా బాగుంటుంది, తేమ అంతటా సర్దుకుంటుంది. ఈ వానల్లో బయట రెండు రోజులకి మించి ఉంచకు, బూజు పడుతుంది. మిగిలినది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకో.

అమెరికాలో ఈ కేకు ఇళ్లలోకి పాకింది 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో. 1933లో పిల్స్‌బరీ కంపెనీ వంటల పుస్తకంలోకి ఎక్కింది. పండు పారెయ్యడానికి చేతులు రాని ఇల్లాళ్లకి కొట్లో చవగ్గా దొరికే సోడా తోడైంది. కాబట్టి దీనికోసం పనిగట్టుకుని పళ్లు కొని మాగబెట్టకు. వాల్‌నట్లు లేవని ఆగకు, ఇంట్లో ఉన్న జీడిపప్పు చాలు. ఓవెన్ తియ్యబుద్ధి కాని రోజున అదే గుజ్జులో గోధుమపిండి, బెల్లం, యాలకులు కలిపి అప్పాలు వెయ్యి. లేదా మంగళూరు వాళ్లలా గుజ్జు, పెరుగు, మైదా, జీలకర్ర, చిటికెడు సోడా కలిపి రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే మందంగా ఒత్తి బన్స్ వేయించు. ఒకటో రెండో పళ్లు మిగిలితే దోసెపిండిలో మెదిపెయ్యి. ప్రతి పండునీ కేకు చెయ్యాలన్న పంతం అక్కర్లేదు.

చేసిన ప్రతిసారీ గుజ్జు బరువు, బెల్లం బరువు, పట్టిన నిమిషాలు, పండు రకం ఒక పుస్తకంలో రాసుకో. కొన్నాళ్లకి మీ ఓవెన్‌కీ మీ ఇంటి నోటికీ సరిపోయిన కొలత నీ చేతిరాతలోనే ఉంటుంది.

పెద్దలకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క.: పువ్వు ఆకారంలో, హృదయం ఆకారంలో కేకు మూసలు కొందామనుకుంటున్నానని రాశావు. అవి ఆగనీ. ఆ డబ్బుతో ముందు గ్రాములు చూపించే చిన్న కాటా కొనుక్కో.