తప్పు చేసినవాడు మనవాడైతే?





మన సిద్దిపేట పల్లెల్లో ఒక మాట తరచూ వింటుంటాం. సర్పంచో, కౌన్సిలరో, ఎమ్మెల్యేనో చట్టం తప్పిండని తెలుస్తది. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి అంటడు: "పోనీ తియ్. తింటే తిన్నడు, ఎవడు తింటలేడు? వాని పాపం వానికే తగుల్తది." పక్కనున్నాయన ఇంకో మాట కలుపుతడు: "ఎంతైనా మనోడు గదా."

ఈ రెండు మాటలు మన ధమ్మానికి సరిపోతాయా? ఈ పాఠంలో అదే ఆలోచిద్దాం.

పాపం తనంతట తాను తగుల్తదా?

"వాని కర్మ వాడు అనుభవిస్తడు" అనే మాట మనం వదిలేసి వచ్చిన పాత ఇంటి మాట. తప్పుకు శిక్ష వచ్చే జన్మలో పడుతుందంటే, ఈ జన్మలో అడిగే పని ఎవరికీ ఉండదు. మన తాతముత్తాతలను నోరెత్తకుండా చేసింది ఆ నమ్మకమే. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ కమ్మను ఈ లోకంలోని నీతి వ్యవస్థగా వివరించారు. మంచి చేతలు లోకాన్ని నిలబెడతాయి, చెడ్డ చేతలు కూలుస్తాయి. రెండూ మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. కాబట్టి తప్పు చేయడం ఎట్ల కమ్మనో, తప్పును చూసి కళ్లు మూసుకోవడం కూడా అట్లనే కమ్మ.

రెండో శీలం ప్రకారం ఇవ్వనిది తీసుకోము. పంచాయతీ పైసలు ఊరందరివి. ఊరు ఇవ్వకుండా తీసుకుంటే అది అదిన్నాదానమే. చేయని పనికి బిల్లు రాస్తే నాలుగో శీలం కూడా తప్పినట్టే.

సంఘం చూపిన దారి

వర్షావాసం ముగిసిన రోజు భిక్ఖువులు పవారణ జరుపుతారు. ఆ రోజు ప్రతి భిక్ఖువు సంఘం ముందు కూర్చొని, నా తప్పు ఏదైనా మీరు చూసి ఉంటే, విని ఉంటే, అనుమానించి ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను అని అడుగుతాడు. పెద్ద భిక్ఖువైనా, నిన్న చేరినవాడైనా ఇదే పద్ధతి. శ్రావస్తిలో ఒక పవారణ రోజున బుద్ధుడే ఐదు వందల మంది భిక్ఖువుల ముందు, నా చేతలో గాని మాటలో గాని తప్పుంటే చెప్పండని అడిగినట్టు సుత్తంలో ఉంది.

బుద్ధుడే అడగమన్నాక, అడిగితే కోపం తెచ్చుకునే నాయకుడు ఎంతటివాడు?

తప్పు ఎత్తిచూపే వాళ్లకు కూడా వినయం ఐదు నియమాలు పెట్టింది. సరైన సమయంలో చెప్పాలి. నిజమే చెప్పాలి. మెత్తగా చెప్పాలి. మేలు కోసం చెప్పాలి. మైత్రితో చెప్పాలి, పగతో కాదు. పాత కక్ష తీర్చుకోవడానికి పెట్టే ఫిర్యాదు ధమ్మం కాదు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ రెండు సంగతులు గుర్తుచేశారు. సభ నడిపే నియమాలు బౌద్ధ సంఘాలకు ఏనాడో తెలుసు అనేది ఒకటి. రాజకీయాల్లో వ్యక్తి భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందనేది రెండోది. "మా సారు ఏం చేసినా కరెక్టే" అనేవాళ్లు ఆ రెండో మాటను మళ్లీ మళ్లీ చదువుకోవాలి.

మన పక్క జిల్లా ముచ్చట

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ మనకు దూరమేం కాదు. అక్కడ చెన్నమనేని రమేశ్ 2009లో, 2010 ఉప ఎన్నికలో, 2014లో, 2018లో ఎమ్మెల్యేగా గెలిచారు. 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్న ఆయనకు 2009లో భారత పౌరసత్వం వచ్చింది. అది సరైన వివరాలు ఇచ్చి పొందలేదని, ఆయన మీద ఓడిన ఆది శ్రీనివాస్ ఫిర్యాదు చేశారు. 2013లో హైకోర్టు ఎన్నికను రద్దు చేస్తే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2017లో, మళ్లీ 2019లో కేంద్ర హోంశాఖ పౌరసత్వాన్ని రద్దు చేసింది. చివరికి 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టేసి, ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, 5 లక్షలు న్యాయ సేవాధికార సంస్థకు.

ఈ ముచ్చటలో మనకు మూడు పాఠాలున్నాయి. ఎంత పెద్ద పదవిలో ఉన్నా చట్టం ముందు జవాబు చెప్పక తప్పదు. అడిగినాయన రాజకీయ ప్రత్యర్థే, అయినా గెలిచింది పగ కాదు, కాగితం. ఇక మూడోది చేదు నిజం. తీర్పు వచ్చేసరికి పదవీకాలాలన్నీ అయిపోయినయ్. కోర్టు మీదనే భారం వేసి కూర్చుంటే ఆలస్యం తప్పదు. అందుకే ఊరు మేలుకొని ఉండాలె.

మన చేతిలో ఏమున్నయ్?

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలె. అది మన పవారణ అనుకోండి. లెక్కలు అక్కడే అడగాలె. తరచూ కలిసి కూర్చొని మాట్లాడుకున్నన్ని రోజులు వజ్జీలకు చేటు లేదని బుద్ధుడు చెప్పింది ఊరికే కాదు.

2005 సమాచార హక్కు చట్టం కింద బిల్లులు, కొలతల పుస్తకం నకళ్లు అడగొచ్చు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె.

సర్పంచ్ నిధులు కాజేసినా, అధికారాన్ని దుర్వినియోగం చేసినా, 37వ సెక్షన్ కింద సస్పెండ్ చేసే, తొలగించే అధికారం కలెక్టర్‌కు ఉంది. రాసిచ్చి రసీదు తీసుకోండి. లంచం అడిగితే ఏసీబీ నంబర్ 1064.

ఒక హెచ్చరిక

రిజర్వేషన్‌లో మన బిడ్డ సర్పంచ్ అయితే ఏమైతదో మనకు ఎరుకే. కుర్చీ ఆమెది, పెత్తనం ఇంకొకరిది. చెక్కు మీద సంతకం పెట్టించుకునేది వాళ్లు, కేసు వచ్చినప్పుడు నిలబడేది ఆమె. పెద్ద కులపాయన లక్షలు మింగితే నోరెత్తనివాళ్లు, మన మనిషి వెయ్యి రూపాయల లెక్క తప్పితే ఊరంతా టాంటాం వేస్తరు. ఎస్సీ, ఎస్టీ ప్రజాప్రతినిధిని పని చేయనీయకుండా బెదిరించడం, అడ్డుకోవడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ అండ ఆమెకు మనం ఇవ్వాలె.

కానీ ఆ బిడ్డే నిజంగా తప్పు చేస్తే? అప్పుడు కూడా అడగాలె. ముందు ఇంటికి పోయి మైత్రితో చెప్పాలె. దిద్దుకోకపోతే గ్రామసభలో అడగాలె. "మనోడు" అని వదిలేస్తే, వందల ఏండ్లు కులం మనకు చేసిందే మనం ఊరికి చేసినట్టు. మనిషిని బట్టి తీర్పు మారితే అది మనువు న్యాయం. తప్పును బట్టి తీర్పు ఉంటే అది ధమ్మం.

మన చేతులు కూడా చూసుకుందాం. ఓటుకు నోటు తీసుకున్న చేయి లెక్క అడిగేటప్పుడు పైకి లేవదు. సీసా తీసుకుంటే ఐదో శీలం కూడా పాయె.

విహారంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ ఊళ్లో చివరి గ్రామసభ ఎప్పుడు జరిగింది? మీలో ఎంతమంది పోయిన్రు?
2. ఫిర్యాదు చేసే ముందు మనం ఐదు నియమాల్లో ఎన్ని పాటిస్తున్నం?
3. అడిగినాయన మీదికి ఊరు ఎగబడితే, ఆ రాత్రి ఆయన ఇంటి ముందు నిలబడేది ఎవరు?

మూడో ప్రశ్నకు పేర్లతో సహా జవాబు రాసుకొని వచ్చే వందనకు రండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!