మునిగినను బ్రతుకు వరి – జన్యువుల సంగతి

సార్వా ఊడ్పులు ముగిసిన కొలది దినములకే వానలు పట్టి, తుల్యభాగ మురుగు ఎగదన్ని, పల్లపు చేలు పది దినములకు పైగా నీటిక్రింద నుండిపోవుట రామచంద్రపురము ప్రాంతపు రైతులకు క్రొత్త గాదు. నీరు తీసిన పిమ్మట ఒక చేను కుళ్ళి నేల కంటుకొనిపోవును. గట్టున కావలి చేను వారము పది దినములలో మరల చిగిర్చును. నేల యొకటే, ఎరువు లొకటే, నాటిన వారమును ఒకటే. మొదటి చేనిలోనిది స్వర్ణ. రెండవ దానిలోనిది స్వర్ణ–సబ్ 1. పైరు పచ్చగా నిలుచుండగా ఈ రెంటికిని భేదము కనుగొనుట అనుభవశాలికైనను కష్టము.

సంఘమునకు విత్తనపు ఇండెంటు వ్రాయించుకొను దినములలో సభ్యులు మమ్ముల నడుగు ప్రశ్నలు మూడు. సబ్ వన్ అనగా ఏదేని మందు పట్టించిన విత్తనమా? దానిని మఱుసటి యేటికి గాదెలో దాచుకొనవచ్చునా? పత్రికలలో వినబడుచున్న "జన్యువు సవరించిన వరి" యనునది ఇదియేనా? ఈ మూటికిని ప్రత్యుత్తరము జన్యువన నేమో తెలిసికొనిననే గాని దొరకదు. కావున సభ్యులు కొంచె మోపికతో చదువవలెనని కోరుచున్నాము.

వరిమొక్క శరీర మంతయు కంటి కగపడని కణములతో కట్టబడినది. ప్రతి కణములోను క్రోమోసోములను సన్నని పోగులు 24 ఉండును. అవి 12 జతలు. జతలో నొకటి తల్లి మొక్కనుండియు, రెండవది తండ్రి మొక్కనుండియు వచ్చినవి. ఈ పోగులు డి.ఎన్.ఏ. అను పదార్థముతో నేయబడినవి. అందు నాలుగే నాలుగు విధముల చిన్న భాగములు, నాలుగక్షరముల భాషవలె, ఒకదాని వెనుక నొకటి కూర్చబడి యుండును. వరియొక్క ఒక వరుస లిఖితములో నట్టి యక్షరములు సుమారు 39 కోట్లు. అనేక దేశములవారు కలసి ఈ లిఖితమును చదివి 2005లో ప్రకటించిరి. మన దేశపు శాస్త్రజ్ఞులును అందు పాలుపంచుకొనిరి. ఆ దీర్ఘలిఖితమునందు ఒక పనికి సంబంధించిన వాక్య మేది గలదో, అదియే జన్యువు. కాడ పొడవు, గింజ సన్నము, పొట్టు రంగు, తెగులున కోర్చుట, ఇవన్నియు ఒక్క జన్యువు వలననో, పెక్కు జన్యువుల పొత్తు వలననో కలుగుచున్నవి.

ఇట్టి దొకటి యున్నదని మొట్టమొదట లెక్కకట్టి చూపినవాడు ఆస్ట్రియా రాజ్యమున బ్రూన్ పట్టణపు మఠములో నివసించిన గ్రెగర్ మెండెల్ అను సన్యాసి. ఆయన 1856 మొదలు ఎనిమిదేండ్లు మఠపు తోటలో బఠాణీలు పెంచెను. గుండ్రని గింజల మొక్కను, ముడుతల గింజల మొక్కను సంకరము చేయగా మొదటి తరమున అన్నియు గుండ్రని గింజలే వచ్చినవి. ముడుత నశించిన దనుకొందుము. కాని వానిని తమలో తాము పండనిచ్చి చూడగా, రెండవ తరమున 5,474 గుండ్రనివి, 1,850 ముడుతవి లెక్కకు వచ్చెను. అనగా మూటి కొకటి చొప్పున ముడుత మరల తల యెత్తినది. అది చావలేదు, ఒక తరము చాటున నుండెను. పైకి కనబడు గుణమును బహిర్గత మనియు, చాటున నుండుదానిని అంతర్గత మనియు ఇప్పుడు వ్యవహరింతురు. 1866లో అచ్చయిన ఆయన వ్యాసమును 1900 వఱకు లోకము పట్టించుకొనలేదు.

ఈ చాటుగుణముల సంగతి బఠాణీలతో పోలేదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు పరమశత్రువని మన రైతు లెఱుగుదురు. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థవారును, సి.సి.ఎం.బి. వారును కలసి 2008లో విడుదల చేసిన "ఇంప్రూవ్డ్ సాంబ మసూరి"లో ఆ తెగులు నడ్డగించు జన్యువులు మూడు చేర్చబడినవి. వానిలో రెండు అంతర్గతములే. తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చిననే గాని ఆ రెండును పనిచేయవు.

ఇక గాదెలో దాచుకొను విత్తనము మాట. వరిపువ్వు ఉదయము కొన్ని గంటలు మాత్రమే విచ్చును; తన పుప్పొడి తనమీదనే రాలును. పొరుగు చేని పుప్పొడి సోకుట మిక్కిలి తక్కువ. తరతరములుగా నిట్లు తనలో తాను పండుటచే, స్వర్ణవంటి సూటిరకమునందు జతలోని రెండు జన్యువులును ఒకే తీరుగా నుండును. విడిపోవుట కేమియు లేదు. కావుననే స్వర్ణ గింజ నాటిన స్వర్ణయే మొలచును. చేనిలో కేళీలు కనబడినంతనే "విత్తనము తిరిగిపోయిన"దని వాపోవువారు గలరు. తిరిగిపోవుట కంటె కళ్ళములోను, బస్తాలోను, నిరుటి రాలుగింజల వలనను కలిసిపోవుటయే హెచ్చు. ఈనిక వేళ చేనిలోనికి దిగి కేళీలు పెఱికినవాడు తన విత్తనమును తానే కాపాడుకొనగలడు. హైబ్రిడ్ వరి సంగతి వేఱు. అది మెండెల్ చూచిన మొదటి తరము. దాని గింజలు దాచి నాటిన, రెండవ తరమున చాటున నున్నవన్నియు బయటపడి చేను హెచ్చుతగ్గులై పోవును. హైబ్రిడ్ విత్తనము ఏటేట కొనవలసివచ్చుటకు వర్తకుని దురాశ యొకటే కారణము కాదు; ప్రకృతియు నట్లే యున్నది.

జన్యు వుండుట వేఱు, అది పనిచేయుట వేఱు. వేరులోని కణమందును, ఆకులోని కణమందును జన్యువు లవియే. అయినను వేరు పచ్చబడదు. దీనిని మన కాలువలతో పోల్చి చెప్పెదము. దవళేశ్వరమునుండి కాలువ నిండుగ పారుచున్నను, లస్కరు వచ్చి తూము తలుపెత్తిననే గదా బోదెలోనికి నీరు దిగును. మొక్కలోను నట్టి తలుపులు గలవు. వాని నెత్తుటకును దింపుటకును లస్కరుల వంటి జన్యువులు వేఱుగ గలవు. ఎండ, చలి, నీటిముంపు, తెగులు, మొక్క వయస్సు, వీనినిబట్టి ఆ లస్కరులు నడచుకొనును. సబ్ 1 అట్టి లస్కరు.

మామూలు వరి మునిగినప్పు డేమగునో మొదట చూడుడు. మునిగిన మొక్కలో ఇథిలీన్ అను వాయువు పేరుకొనును. కాయలు ముగ్గుటకు తోడ్పడునదియు నీ వాయువే. దానితో కాడ సాగుట మొదలగును; నీటిపైకి తల యెత్తవలెనని మొక్క యారాటము. లోతు తక్కువైన ఆ యారాటము ఫలించును. చేను పూర్తిగ మునిగి నీరు పది దినములు తీయనప్పుడు మాత్రము, దాచుకొన్న చక్కెర యంతయు సాగుటకే వ్యయమై, నీరు తీయునప్పటికి మొక్క పీలగా పడిపోయి చచ్చును. సబ్ 1 గల మొక్కలో అదే ఇథిలీన్ ఈ లస్కరును మేలుకొలుపును. అది సాగుడును నడపు జిబ్బరెల్లిన్ అను రసము పనిని అణచివేయును. మొక్క కదలక మెదలక, ఉన్న చక్కెరను పొదుపుగా వాడుకొనుచు సుమారు రెండు వారములు నీటిక్రింద నుండి, వెలుతురు చూడగానే మరల పిలకలు వేయును. కఱవుకాలమున గాదె తాళము బిగించిన గృహిణి వంటి దీ జన్యువు.

ఇది మందుకాదు, పరదేశపు కల్పనయు కాదు. ఒరిస్సా రైతులు వరదనేలలలో పండించుకొనుచుండిన ధళపుటియా అను నాటురకమునుండి ఏరి తీసిన ఎఫ్.ఆర్. 13ఏ లో నిది యుండెను. ఆ రకము దిగుబడి కొఱగాదు. ముంపున కోర్చుట మాత్రము దాని సొత్తు. కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ అను శాస్త్రజ్ఞులు 1996లో ఈ గుణము 9వ క్రోమోసోముపై నున్నదని చూపిరి. 2006లో వారును, పమేలా రోనాల్డ్ మున్నగువారును జన్యువు నదియే యని నిర్ధారించిరి.

స్వర్ణ మన పొరుగునందే పుట్టినది. పశ్చిమ గోదావరిలో మారుటేరున 1925లో నెలకొల్పబడిన పరిశోధన స్థానమువారు వశిష్ఠను మసూరితో సంకరము చేసి దీనిని తీసిరి, 1982లో విడుదలయైనది. ఎం.టి.యు. 7029 అను దాని సంఖ్యలోని మూడక్షరములును మారుటేరు పేరే. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో స్వర్ణను, ఎఫ్.ఆర్. 13ఏ సంతతిలోని మొక్కతో సంకరము చేసి, వచ్చినదానిని మరల స్వర్ణతోనే మరల మరల సంకరము చేసిరి. మొదటిసారి స్వర్ణ పాలు సగము. పిమ్మట మూడు పాళ్ళు. ఆ పిమ్మట ఎనిమిదింట నేడు. ఇట్లు పెరుగుచు పోవును. ప్రతి తరమునను మొక్కలను ముంచి చూడ నవసరము లేక, ఆకుముక్క తీసి అందలి డి.ఎన్.ఏ. పరీక్షించి, సబ్ 1 నిలుచుకొన్నవానినే యేరుకొనిరి. మన దేశమున స్వర్ణ–సబ్ 1 విడుదలయైనది 2009లో.

ఇందొక వింత గలదు. కొనువా రిది తెలిసియుండుట మేలు. స్వర్ణ ధాన్యపు పొట్టు బంగారు వన్నె. స్వర్ణ–సబ్ 1 పొట్టు గడ్డిరంగు. సబ్ 1 ప్రక్కనే, అదే పోగుమీద, పొట్టు వన్నెను మార్చు జన్యు వొకటి యుండుటచే, ఒకదానిని తీసికొన రెండవదియు వెంట వచ్చినది. పొరుగు జన్యువులు తఱచుగా జంటగానే ప్రయాణము చేయును. రంగు వేఱైనదని బస్తాను కల్తీ యని త్రోసివేయ రాదు. పొట్టు తీసిన బియ్యమున భేదము లేదు.

అయితే ఈ రకముపై లేని యాశలు పెట్టుకొనుటయు తప్పే. ఊడ్చిన పైరు పిలకల దశలో రెండు వారములలోపు పూర్తిగ మునిగిననే సబ్ 1 ఆదుకొనును. చల్లిన గింజ మొలకెత్తకముందే మునిగిన దీని వలన లాభము లేదు. పొట్టదశలోను, ఈనిన పిమ్మటను వచ్చు తుపానుకు ఇది మందు కాదు. నెలల తరబడి మోకాలిలోతు నీరు నిలుచు చేలకును ఇది తగదు. అచ్చట సాగవలసిన మొక్క సాగకుండుట నష్టమే. నీరు తీసినంతనే యూరియా చల్లక, క్రొత్త చిగురు కనబడిన తరువాత చల్లవలెను. మురుగుకాలువలో గుఱ్ఱపుడెక్క పేరుకొని నీరు కదలనిచోట ఏ జన్యువును కాపాడజాలదని మా యభిప్రాయము. మురుగు త్రవ్వించుట వేఱు పని, అది విత్తనముతో తీరదు.

ఇంతవఱకు చెప్పినది ఉన్న జన్యువును ఒక రకమునుండి వేఱొకదానిలోనికి తెచ్చుట. జన్యువే మారుటయు కలదు. అక్షరములు నకలు వ్రాయునప్పుడు ఎక్కడనో తప్పు దొర్లును. పెక్కు తప్పులు చెఱుపు చేయును, కొన్ని నిరర్థకములు, ఏ వేయింటికో ఒకటి మేలు చేయును. సాంబ మసూరి పూర్వులలో నొకటియగు జి.ఇ.బి. 24 కోయంబత్తూరునందు ఇట్లు తనంతట మారిన మొక్కనుండియే ఏరబడినది. ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో నున్న అంతర్గత జన్యువులలో నొకదాని కథ మఱింత చిత్రము. ఎండాకు తెగులు క్రిమి మొక్కలోనికి చొచ్చి, మొక్క యొక్క చక్కెర తలుపును తానే దొంగతాళముతో తెఱచుకొనును. ఈ రకమున ఆ జన్యువు ముంగిటి వ్రాత కొంచెము మారినది, దొంగతాళము పట్టదు. తలుపు మాత్రము మొక్క యవసరమునకు యథాప్రకారము తెఱచుకొనును.

అట్టి మార్పును కోరినచోటనే చేయు సాధనము 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయేల్ షార్పెంటియే అను ఇరువురు విదుషీమణులు వెల్లడించిరి. 2020లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను. దీనితో మన రకములు రెండు సవరింపబడినట్లు కేంద్ర వ్యవసాయశాఖవారు 2025 మే 4న ప్రకటించిరి. ఒకటి సాంబ మసూరినుండి వచ్చిన డి.ఆర్.ఆర్. ధాన్ 100. వెన్నులో గింజల సంఖ్యను పెంచు రసమును హరించు జన్యువు నిందు మందగింపజేసిరి. దిగుబడి సుమారు నూటికి 19 వంతులు హెచ్చనియు, 20 దినములు ముందుగ కోతకు వచ్చుననియు వారి ప్రకటన. రెండవది పూసా డి.ఎస్.టి. రైస్ 1. మారుటేరున పుట్టి, కాటన్‌దొర పేర "కాటన్‌దొర సన్నాలు" అని పిలువబడు ఎం.టి.యు. 1010 దీనికి మూలము. బెట్టను, చౌడును ఓర్చుకొను గుణములను అణచియుంచు లస్కరు జన్యు వొకటి కలదు. దానినే ఇందు పనిమాన్పించిరి. రెంటిలోను పరజాతి జన్యువు నిలిచియుండలేదనియు, 2022 నాటి ఉత్తరువుచే ఇట్టివానికి పరజాతి జన్యువు చేర్చిన పంటల కున్నంత కట్టుదిట్టము లేదనియు ప్రభుత్వము వాదము. పరీక్షలు చాలవనియు, సాధనము పేటెంటు ఎవరిదో తేల్చవలె ననియు ఆక్షేపించువారు గలరు. ఆ యాక్షేపణలను విననొల్లకుండుట న్యాయము గాదు. అంకెలు వారి ప్రయోగ క్షేత్రములవి. మన నేలలలో, మన మురుగులో పండించి చూచిన తరువాతనే మేము వానిని రైతుకు చెప్పగలము. కావున మూడవ ప్రశ్నకు ప్రత్యుత్తరము: స్వర్ణ–సబ్ 1 సవరించిన వరి కాదు. అది పాత పద్ధతి సంకరమే, ఏరుట మాత్రము క్రొత్తది.

అది సూటిరకము గనుక రెండవ ప్రశ్నకు ప్రత్యుత్తరమును దొరకినది. ధ్రువీకరించిన విత్తనము ఒకసారి కొని, కేళీలు తీసి, వేఱుగ నూర్చి, స్వర్ణతో కలియకుండ దాచిన, మఱి కొన్నియేండ్లు వాడుకొనవచ్చును. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము తన పంటనుండి విత్తనము దాచుటకును, నాటుటకును, మార్చుకొనుటకును, అమ్ముటకును రైతునకు హక్కిచ్చినది; బ్రాండు పేరు కట్టి మాత్రము అమ్మరాదు.

సభ్యులు ఇండెంటు వ్రాయించునప్పుడు ఎకరముల లెక్కతోపాటు చేను పల్లమో మెరకయో, ఊడ్చిన నెలలో ఎన్ని దినములు మునుగునో కూడ చెప్పవలెను. ఊరక "స్వర్ణ" యని వ్రాయించిన, బస్తాలో వచ్చునది పాత స్వర్ణయే.